బడి వెలేసిన భాష బార్‌లో బతికింది

అమెరికాలో లూసియానా రాష్ట్రం. బయూ టెష్ అనే ఏటి ఒడ్డున బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊరు. శనివారం పొద్దున్నే అక్కడి బార్ అండ్ గ్రిల్‌లో పాట మొదలవుతుంది, పొయ్యి మీద కూర ఉడుకుతుంది, ముసలీ ముతకా పిల్లా పాపా అంతా చిందేస్తారు. ఆ పాట వెనక నిషేధం ఉంది, ఆ కూర వెనక వలస ఉంది. ఆ రెంటినీ వెతుక్కుంటూ వెళ్లిన ప్రయాణం ఇది.

పొద్దున ఎనిమిదిన్నర దాటిందో లేదో, కాళ్ల కింద చెక్క నేల అదురుతోంది. బల్ల మీది కప్పులో కాఫీ తాళానికి తగ్గట్టు చిన్న చిన్న అలలు వేస్తోంది. వేదిక మీద ఒకాయన అకార్డియన్‌ని చాచి ముడుస్తున్నాడు. ఆయన పక్కన పాతికేళ్ల కుర్రాడు. ఛాతీ మీద ముడతల రేకు. కవచంలా భుజాల మీంచి తగిలించుకున్నాడు. రెండు చేతుల్లో రెండు సీసా ఓపెనర్లు. వాటితో ఆ రేకును పైకీ కిందికీ గీకుతుంటే పుట్టే చప్పుడు చెవిదాకా వచ్చి ఆగదు, నేరుగా కాళ్లలోకి దిగుతుంది.

వేదిక ముందు ఖాళీ జాగాలో నలభై యాభై మంది. జీన్స్ వేసుకున్న కాలేజీ పిల్లలు, టోపీ తీయని రైతులు, చంకలో బిడ్డతో ఓ తండ్రి. వాళ్ల మధ్య ఎనభై దాటిన ఒక పెద్దావిడ. తెల్లటి జుట్టు నున్నగా దువ్వుకుంది, తోలు అడుగున్న బూట్లు తొడుక్కుంది. ఆమె అడుగు ఎక్కడా తడబడదు. పాట ఆగగానే బల్ల దగ్గరికొచ్చి రెండు గుక్కల నీళ్లు తాగుతుంది, మళ్లీ పాట అందుకోగానే వెళ్లిపోతుంది.

ఇది రాత్రి పూట మత్తులో ఊగే బార్ కాదు. ఊరంతటికీ ఇది రచ్చబండ.

వరి చేలో ఎర్ర రొయ్య

హ్యూస్టన్‌లో మా చెల్లెలి ఇంటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. నేను, చెల్లెలు, బావ, వాళ్ల పదకొండేళ్ల పాప. ఐ-10 రహదారి మీద తూర్పుగా దాదాపు 360 కిలోమీటర్లు. టెక్సాస్ దాటి లూసియానాలోకి వచ్చి, తెల్లారే వేళకి క్రౌలీ అనే ఊరి దరిదాపులకు చేరేసరికి, అప్పటిదాకా మాట్లాడుతున్న బావ ఒక్కసారి మౌనమైపోయాడు. ఆయనది భీమవరం పక్క పల్లె. రోడ్డుకి రెండువైపులా కనుచూపు మేర నీళ్లు నిలిచిన మడులు, వాటి మధ్య సన్నటి గట్లు, గట్ల మీద తెల్ల కొంగలు. కారు పక్కకి తీసి ఆపి, దిగి నిలబడ్డాడు.

క్రౌలీని అమెరికా వరి రాజధాని అంటారు. 1937 నుంచీ అక్కడ వరి పండగ చేస్తున్నారు. అయితే ఆ మార్చి నెలాఖరు పొద్దున మడుల్లో ఉన్నది వరి నాట్లు కాదు. నీళ్లలోంచి వరసగా పైకి తేలి కనబడుతున్నవి తీగ బుట్టల మూతులు. వాటిలో పడేది క్రాఫిష్. రొయ్యలా ఒళ్లు, పీతలా రెండు డెక్కలు ఉండే మంచినీటి జీవి. వరి కోశాక మడిలో మళ్లీ నీళ్లు పెడతారు. మోళ్లు కుళ్లి, దానిమీద చేరే పురుగూ పుట్రా ఈ క్రాఫిష్‌కి మేతవుతాయి. చలికాలం మధ్య నుంచి ఎండలు ముదిరేదాకా పట్టుకుంటారు. ఆ తర్వాత నీళ్లు తీసేసి మళ్లీ వరి వేస్తారు. అమెరికాలో దొరికే క్రాఫిష్‌లో అత్యధిక భాగం ఈ ఒక్క రాష్ట్రానిదే.

దూరంగా ఒక రైతు వెనక చక్రమున్న చిన్న పడవలో మడి అడ్డంగా సాగిపోతున్నాడు. ఆ చక్రం నేలను తన్నుతూ పడవను నెడుతుంది. గట్టు వస్తే ఎక్కి దిగుతుంది కూడా. పడవ ఆగకుండానే ఆయన ఒక బుట్ట ఎత్తి, బల్ల మీద కుమ్మరించి, ఎర వేసి, మళ్లీ నీళ్లలో పెట్టేస్తున్నాడు. బావ ఆ చేతి వాటాన్నే చూస్తున్నాడు. మా వైపు చెరువు తవ్వితే చేను పోతుంది బావా, ఇక్కడ ఒకే మడిలో రెండూ పండిస్తున్నారు చూడు, అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కాస్త జీరపోయింది.

ఒక కుండలో మూడు ఖండాలు

బ్రో బ్రిడ్జ్ అంటే క్రాఫిష్‌కి పుట్టిల్లు. 1959లో లూసియానా శాసనసభ ఈ ఊరిని ప్రపంచ క్రాఫిష్ రాజధానిగా ప్రకటించింది. మరుసటి ఏడాదే పండగ మొదలైంది. మేము కూర్చున్న చోట పొద్దుటి పలహారంలో కూడా ఆ క్రాఫిష్షే. గుడ్డట్టు మీద ఎటుఫే పోసి తెచ్చారు. ఎటుఫే అంటే ఫ్రెంచిలో ఊపిరాడకుండా కప్పెట్టడం. మూత పెట్టి సన్నని సెగ మీద మగ్గించే కూర అన్నమాట. వెన్నలో ఉల్లిపాయ, క్యాప్సికమ్, సెలరీ కాడలు మెత్తబడేదాకా వేయించి, ఒలిచిన క్రాఫిష్ తోకలు వేసి, వాటి కొవ్వుతోనే చిక్కటి పులుసు చేస్తారు. ఉల్లి, క్యాప్సికమ్, సెలరీ లేకుండా ఇక్కడ ఏ కూరా మొదలవదు. మనకి పోపు ఎలాగో వాళ్లకి ఆ మూడూ అలాగ. ఆ ముగ్గురినీ భక్తిగా త్రిత్వం అని పిలుచుకుంటారు.

మధ్యాహ్నానికి గంబో వచ్చింది. ఈ కుండ గురించి నిదానంగా చెప్పాలి. అడుగున ఉండేదాన్ని రూ అంటారు. నూనెలో గోధుమపిండి వేసి, అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. తెల్లపిండి ముందు ఇసుక రంగుకి, తర్వాత ఇటుక రంగుకి, చివరికి చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. ఆ చివరి రంగుకీ మాడిపోవడానికీ మధ్య ఉండేది అర నిమిషం. రూ కలుపుతున్న మనిషిని ఫోన్ మోగినా కదపకూడదంటారు. గోంగూర మగ్గేటప్పుడు మా అమ్మ పొయ్యి వదిలిపెట్టేది కాదు, అది గుర్తొచ్చింది.

ఆ రూ ఫ్రెంచివాళ్ల విద్య. గంబో అన్న పేరు మాత్రం ఆఫ్రికాది. పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేర్లలోంచి వచ్చింది. బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు బెండకాయా ఈ నేలకి చేరింది. పులుసు చిక్కబడటానికి బెండకాయ జిగురు. అది లేని రోజున ఫిలే పొడి. అది ససాఫ్రాస్ చెట్టు ఆకులు ఎండబెట్టి దంచిన పొడి, ఈ మట్టి మీద ముందు నుంచీ ఉన్న చొక్టా జాతివాళ్లు నేర్పింది. ఐరోపా, ఆఫ్రికా, అమెరికా ఒకే కుండలో ఉడుకుతాయి. కింద తెల్లటి అన్నం. చెంచా ముంచి నోట్లో పెట్టుకున్న మా చెల్లెలు, ఇది మన బెండకాయ పులుసుకి మేనత్త కూతురే అన్నయ్యా, అంది.

ఊరు లాక్కుంటే నోరు దాచుకున్నారు

ఈ కూరల, పాటల సొంతదారుల్లో ఒకరు కేజన్లు. ఆ పేరులోనే వాళ్ల ఊరుంది. 1604 నుంచి ఫ్రెంచివాళ్లు ఇప్పటి కెనడాలో నోవా స్కోషియా ప్రాంతానికి వెళ్లి, దానికి అకాడీ అని పేరు పెట్టుకుని స్థిరపడ్డారు. సముద్రపు పోటుకి గట్లు కట్టి పొలాలు చేసుకున్నారు. ఆ నేల బ్రిటిష్‌వాళ్ల చేతికి వెళ్లాక, రాజుకి విధేయతా ప్రమాణం దగ్గర తగువు ముదిరి, 1755లో వాళ్లని వెళ్లగొట్టడం మొదలైంది. ఇళ్లు తగలబెట్టారు. ఓడలకి ఎక్కించేటప్పుడు కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. కొద్ది ఏళ్లలోనే 10 వేల మందికి పైగా నేల పోగొట్టుకున్నారు. వాళ్లలో కొందరు 1760ల నడుమ నుంచి లూసియానా చిత్తడి నేలలకి చేరుకున్నారు. అకాడియన్ అన్నమాట నోళ్లలో నలిగి కాడియన్ అయింది. అదే కేజన్.

ఆ చిత్తడిలో వాళ్లని దాదాపు నూటయాభై ఏళ్లు ఎవరూ కదిలించలేదు. ఇంట్లో, చేలో, పడవలో ఫ్రెంచి. ఆ తర్వాత బడి వచ్చింది. 1916లో పిల్లల్ని తప్పనిసరిగా బడికి పంపాలన్న చట్టం చేశారు. 1921లో రాష్ట్ర రాజ్యాంగం చదువంతా ఇంగ్లిషులోనే అంది. ఒకటి పిల్లల్ని బడిలోకి లాగింది, రెండోది వాళ్ల నోరు కట్టేసింది. ఒంటికి వెళ్లాలని ఇంగ్లిషులో అడగడం రాక బట్టలు తడుపుకున్న పిల్లల కథలు ఇక్కడ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడనని వందల సార్లు రాయించేవారు. అలా రాసిన పిల్లలు పెద్దయి పెళ్లిళ్లు చేసుకున్నాక, తమ పిల్లలతో ఫ్రెంచి మాట్లాడటం మానేశారు. భాష మీద ప్రేమ లేక కాదు. తాము పడ్డ సిగ్గు తమ బిడ్డలు పడకూడదని.

మా బల్ల దగ్గర చేరిన ఒక పెద్దాయన ఈ సంగతులు చెబుతూ, మాటల మధ్యలో తన కుడి అరచేయి తిప్పి చూసుకున్నాడు. అక్కడ ఇప్పుడు ఏ మచ్చా లేదు. అయినా చూసుకున్నాడు.

నేను చదివిన కాన్వెంటులోనూ తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా. జరిమానా కట్టిన పిల్లల పేర్లు నల్లబల్ల మూలన రాసేవారు. నా పేరు అక్కడున్న రోజు ఇంటికెళ్లి అమ్మ అడిగినదానికి ఇంగ్లిషులో జవాబు చెప్పాను. అమ్మకి అర్థం కాలేదు. అర్థం కానట్టు కనబడనివ్వలేదు కూడా. ఆ ముఖం ముప్పై అయిదేళ్ల తర్వాత, వేల మైళ్ల అవతల, ఆ పెద్దాయన అరచేతిలో కనబడింది.

పెట్టె దాచిన మాట

బడిలో చోటు పోయిన భాషకి శనివారం రాత్రి చోటు దొరికింది. ఊళ్లలో నాట్యశాలలు ఉండేవి. ఒక పక్క గదిలో పిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టి, తల్లిదండ్రులు తెల్లవార్లూ ఆడేవారు. ఆ ఆటకి ఫే డోడో అని పేరు. అంటే బజ్జో అని. జోలపాట మాటే నాట్యానికి పేరైన చోటు ఇది.

ఆ పాటకి ప్రాణం పది బొత్తాల అకార్డియన్. అది జర్మనీ నుంచి వచ్చిన సరుకు. ఐరోపా నుంచి వచ్చిన హార్మోనియం మన పద్యనాటకంలో ఒదిగిపోయి, అది లేకపోతే రాగం తీయడం కుదరనంతగా మనదైపోలేదూ? ఇదీ అంతే. చిత్తడి తేమలోనూ జనం గోలలోనూ వినబడే గట్టి గొంతు దానిది. దానికి తోడు ఫిడేలు. తాళానికి ఇనుప త్రికోణం. ఆ త్రికోణాన్ని పాతరోజుల్లో గడ్డి పోగుచేసే పనిముట్టు పళ్లు వంచి చేసుకునేవారు. చేలో పనిచేసిన ఇనుమే రాత్రి తాళమేసేది.

1928లో జో ఫాల్కన్, క్లియోమా బ్రో అనే జంట పాడిన పాట కేజన్ సంగీతంలో తొలి రికార్డు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మనీ అకార్డియన్ పెట్టెలు రావడం ఆగిపోయింది. యుద్ధం అయ్యాక ఇక్కడివాళ్లే సొంతంగా చేయడం నేర్చుకున్నారు. యూనిస్ అనే ఊళ్లో మార్క్ సవోయ్ 1966లో తెరిచిన దుకాణంలో ఇప్పటికీ చేత్తో చేసిన అకార్డియన్లు దొరుకుతాయి. శనివారం పొద్దున అక్కడ ఎవరి వాయిద్యం వాళ్లు తెచ్చుకుని కలిసి వాయిస్తారు. మాము అనే ఊళ్లో ఫ్రెడ్స్ లౌంజ్ అనే చిన్న బార్ ఉంది. అది వారంలో శనివారం పొద్దున మాత్రమే తెరుస్తుంది. 1960ల నుంచి అక్కడి పాట రేడియోలో ఊరూరికీ వెళుతోంది.

పాటే భాషని నిలబెట్టిందనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1964లో న్యూపోర్ట్ జానపద ఉత్సవానికి ముగ్గురు కేజన్ కళాకారులు వెళ్లారు. గ్లాడియస్ తిబొదో, లూయీ లెజ్యూన్, డ్యూయీ బాల్ఫా. వాళ్లు వెళ్తే రాష్ట్రం పరువు పోతుందని సొంత ప్రాంతంలోనే వెక్కిరించినవాళ్లున్నారు. అక్కడ వేలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డ్యూయీ బాల్ఫా ఆ చప్పట్లని ఇంటికి మోసుకొచ్చాడు. ఊరూరూ తిరిగాడు, బడుల్లో పిల్లలకి వాయించి చూపించాడు. నాలుగేళ్లకి, 1968లో, లూసియానా ప్రభుత్వం ఫ్రెంచి అభివృద్ధికి ఒక మండలి పెట్టింది. 1974లో లాఫయెట్‌లో ఆ మండలి అండతో జరిగిన కేజన్ సంగీత సభే ఇప్పుడు ఏటేటా జరిగే పెద్ద పండగైంది. 1921లో వెలేసిన బడిలోకే ఫ్రెంచి తిరిగి వచ్చింది. ఇప్పుడు పాఠాలన్నీ ఫ్రెంచిలో చెప్పే తరగతులు కొన్ని ఊళ్లలో ఉన్నాయి.

చేతిరుమాలు

మేము పొద్దున విన్నది మాత్రం కేజన్ పాట కాదు, జైడెకో. అది ఇక్కడి నల్లజాతి క్రియోల్ జనం సొత్తు. వాళ్ల నోటా ఫ్రెంచే. ఆ పేరు బీన్స్ గింజలకున్న ఫ్రెంచి మాటలోంచి పుట్టిందంటారు. గింజల కూరలో వేసుకోవడానికి ఉప్పు మాంసం ముక్క కూడా లేని రోజుల్ని చెప్పే మాట అది. ఆకలి కబురు ఆటపాటకి పేరైంది.

కేజన్, క్రియోల్ ఇద్దరూ ఒకరి పాట ఒకరు నేర్చుకున్నారు. ఒకే నేల మీద ఆడనివ్వలేదు లోకం. క్రియోల్ కళాకారుడు అమెడే ఆర్డ్వాన్ తెల్లవాళ్ల నాట్యాలకి వాయించేవాడు. 1929లో తెల్ల ఫిడేలు కళాకారుడు డెనిస్ మెగీతో కలిసి రికార్డులిచ్చాడు. ఈనాటి కేజన్, జైడెకో రెంటికీ పునాది ఆయన వేళ్ల కిందే పడింది. ఒక రాత్రి వాయిస్తుంటే చెమట తుడుచుకోమని ఓ తెల్ల యువతి చేతిరుమాలు ఇచ్చిందనీ, అది సహించని మనుషులు ఆయన్ని దారి కాచి చావగొట్టారనీ ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. 1942లో పైన్‌విల్‌లోని మానసిక చికిత్సాలయంలో కన్నుమూశాడు. సమాధి ఎక్కడో గుర్తు లేదు. ఈ ప్రాంతం 2018లో ఆయన విగ్రహం పెట్టుకుంది.

ఆయన వెనక వచ్చినవాడు క్లిఫ్టన్ షెనియే. 1925లో ఓపెలూసస్ దగ్గర కౌలు రైతుల ఇంట పుట్టాడు. పాత క్రియోల్ పాటలో బ్లూస్ కలిపాడు. బట్టలుతికే రేకుని మెడకి కట్టుకుని వాయించడం చూసి, దానికి భుజాలు పెట్టిస్తే బాగుంటుందనుకున్నాడు. 1946లో పోర్ట్ ఆర్థర్‌లో లోహపు పని తెలిసిన విల్లీ ల్యాండ్రీ చేత చేయించాడు. మా ముందు కుర్రాడు తగిలించుకున్న కవచం దాని వారసురాలే. 1984లో క్లిఫ్టన్ గ్రామీ అందుకున్నాడు.

ఈ పొద్దున ఈ చెక్క నేల మీద నల్లవాళ్లూ తెల్లవాళ్లూ చేయీ చేయీ పట్టుకుని ఆడుతున్నారు. అమెడే చెమటని తలుచుకుని చూస్తే ఆ దృశ్యం మామూలుది కాదు.

పళ్లెంలో ఏముంది?

బూదాన్: అన్నం, పంది మాంసం, కాలేయం, ఉల్లికాడలు కలిపి పేగులో కూరి ఆవిరి మీద ఉడికిస్తారు. పెట్రోలు బంకుల్లో కూడా వేడివేడిగా దొరుకుతుంది. పై తోలు వదిలేసి లోపలిది పళ్లతో లాగి తినాలి.

క్రాఫిష్ బాయిల్: కారం, ఉప్పు, మసాలా మరిగే నీళ్లలో క్రాఫిష్, బంగాళాదుంప, మొక్కజొన్న వేసి ఉడికించి బల్ల మీద కుమ్మరిస్తారు. తోక మెలి తిప్పి లాగాలి. తలలోని కొవ్వు పీల్చుకునేవాళ్లే అసలైన భోక్తలు.

జంబలాయ: అన్నం, మాంసం, సాసేజి ఒకే గిన్నెలో వండింది. మన పలావుకి దూరపు చుట్టం.

ఎప్పుడు వెళ్లాలి: క్రాఫిష్ కావాలంటే ఫిబ్రవరి నుంచి మే లోపు. ఆట కావాలంటే ఏ శనివారమైనా. పొద్దున్నే చేరుకోవాలి, నున్నటి అడుగున్న బూట్లు వేసుకోవాలి.

ఒకటి, రెండు, మూడు

నిజం దాచకూడదు. ఇంత పాట ఉన్నా ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే జనం ఏడాదికేడాది తగ్గుతున్నారు. పాటలోని మాటలు నేర్చుకుని పాడే కుర్రాళ్లలో చాలామందికి ఆ భాషలో కబుర్లాడటం రాదు. పాట ఒక్కటే భాషని కాపాడలేదు. కానీ పాటా కూరా లేకపోయి ఉంటే, తిరిగి రావాలనుకున్నవాళ్లకి దారి మిగిలేది కాదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టడానికి న్యూపోర్ట్‌లో ఏమీ ఉండేది కాదు.

మనం తెలుగు గురించి బాధపడేటప్పుడు సభ పెడతాం, తీర్మానం చేస్తాం, పిల్లల్ని మందలిస్తాం. అవి తప్పని నేననను. బడిలో తెలుగు ఉండి తీరాలని నమ్మేవాణ్ని. అయితే పిల్లలకి తెలుగుతో ఆడుకునే చోటు ఎక్కడుంది? తాతలతో కలిసి గెంతే నేల, పేరడిగి మరీ తినే కూర, తప్పు మాట్లాడినా ఎవరూ దిద్దని శనివారం పొద్దు? తెలుగు అంటే పెద్దవాళ్ల కోప్పడే గొంతు మాత్రమే అయితే, ఏ బిడ్డ దాని దగ్గరికి పరిగెత్తుకొస్తుంది? డప్పు వింటే కాలు కదిపే జాతి మనది. ఉగాది రోజు వేదిక మీద వరసగా నిలబెట్టి పాడించే పాటతో పాటు, వారం వారం కలిసి ఆడే పాట కూడా మనకి కావాలి.

మధ్యాహ్నం కావస్తుండగా వాల్ట్జ్ అందుకున్నారు. ఇందాకటి పెద్దావిడ మా బల్ల దగ్గరికి వచ్చి మా మేనకోడలి ముందు చేయి చాచింది. షా, అని పిలిచింది. ఫ్రెంచి ముద్దుమాట నలిగి అలా అయింది. మన బంగారుతల్లీ లాంటి పిలుపు. పాప నావైపు చూసింది. వెళ్లమ్మా, అన్నాను.

మూడు అడుగుల ఆట అది. ఆమె వంగి పాప చెవిలో ఫ్రెంచిలో లెక్క పెడుతోంది. అన్, దూ, త్ర్వా. పాప తల వంచి తన కాళ్లే చూసుకుంటూ, ఒకసారి తప్పి, రెండోసారి ఆమె బూటు తొక్కి, మూడో చుట్టుకి కుదురుకుంది. అప్పుడామె ఏదో అడిగింది. పాప ఒక్క క్షణం ఆగింది. పాట గోలలో మాకు వినబడలేదు, పెదాలు మాత్రం కనబడ్డాయి.

బల్ల దగ్గరికి వచ్చాక చెల్లెలు అడిగింది, ఆవిడ ఏమందే అని. ఇంట్లో ఏ భాషలో లెక్క పెడతావని అడిగిందమ్మా అంది పాప. మామూలుగా మా పాప తెలుగు అర్థం చేసుకుని ఇంగ్లిషులోనే జవాబిస్తుంది.

సాయంత్రం తిరుగు ప్రయాణం. క్రౌలీ దాటాం, మడుల్లో నీళ్లు ఎర్రబడ్డాయి. వెనక సీట్లో పాప బూట్లు విప్పేసి, వేళ్లతో కిటికీ అద్దం మీద తాళం వేస్తోంది. అన్, దూ, త్ర్వా. కాసేపాగి, ఒకటి, రెండు, మూడు. మళ్లీ మొదటికి. చెల్లెలు వెనక్కి తిరగబోతుంటే బావ చేత్తో వద్దని సైగ చేశాడు. లెక్క తప్పకుండా సాగనిచ్చాం.